పెళుసు వేరు, ‘వీక్’ వేరు

మన క్యాంపస్‌లో అతి చవగ్గా దొరికే మాట ‘వీక్’. వాడు మ్యాథ్స్‌లో వీక్. హాస్టల్ వైఫై వీక్. క్యాంటీన్ టీ మరీ వీక్. మిడ్ పరీక్షలయ్యాక డిపార్ట్‌మెంట్ తయారుచేసే జాబితా పేరు కూడా ‘వీక్ స్టూడెంట్స్ లిస్ట్’. చివరికి ల్యాబ్‌లో కాస్ట్ ఐరన్ ముక్క టప్పున విరిగినా పక్కనుంచి ఎవడో ఒకడు అంటాడు, “వీక్ రా ఇది” అని.

కాదు. అది వీక్ కాదు, బ్రిటిల్. ఈ రెండింటికీ తేడా చెప్పడానికే ఈ వ్యాసం.

సులువుగా విరిగిపోయే వాటి గురించి చెప్పడానికి ఇంగ్లీషులో చాలా మాటలున్నాయి. బ్రిటిల్, ఫ్రజైల్, ఫ్రెయిల్, డెలికేట్, ఫ్లిమ్సీ, క్రిస్ప్, ఫ్లేకీ, ఫ్రయబుల్. ఇంకా వెతికితే ఇంకా దొరుకుతాయి. డిక్షనరీలో ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పర్యాయపదాల్లా కూర్చుని ఉంటాయి, కానీ ఏ ఒక్కటీ ఇంకోదాని పని చేయదు. నాలుగేళ్లు ఆ భాషలోనే చదివి, ఆ భాషలోనే పరీక్షలు రాసి, మనం వాటన్నిటినీ ఒక్క ‘వీక్’ సంచిలో వేసి మూతి కట్టేశాం. దాని వల్ల వైవాలో మార్కులు పోతాయి. అది చిన్న నష్టం. పెద్దది ఇంకోటుంది, దాని దగ్గరికి వస్తాను.

ముందు ల్యాబ్‌కి వెళ్దాం. యూటీఎం మీద మైల్డ్ స్టీల్ కడ్డీ పెట్టి లాగితే ఏమవుతుందో సెకండ్ ఇయర్ దాటిన సివిల్, మెకానికల్ వాళ్లందరూ చూసే ఉంటారు. అది వెంటనే విరగదు. సాగుతుంది, ఇంకా సాగుతుంది, మధ్యలో నడుం సన్నబడుతుంది, అప్పుడు తెగుతుంది. తెగేలోపు ఇరవై శాతానికి పైగానే పొడుగు పెరుగుతుంది. కాస్ట్ ఐరన్ అలా కాదు. ఒక్క శాతం కూడా సాగకుండా, ముందు ఏ సూచనా లేకుండా, ఒక్కసారిగా రెండు ముక్కలవుతుంది. విరిగిన చోట చూస్తే బెల్లం అచ్చు విరిచినట్టు గరుగ్గా, సమంగా ఉంటుంది. తెగేలోపు 5 శాతం కూడా సాగని దాన్ని బ్రిటిల్ అనడం ఇంజినీర్ల ఆనవాయితీ. గమనించండి, ఆ లెక్కలో బలం అన్న మాటే లేదు. ఎంత బరువుకి విరిగింది అన్నది కాదు ప్రశ్న, విరిగే ముందు ఎంత సాగింది అన్నది.

బలం సంగతికొస్తే, అదే కాస్ట్ ఐరన్‌ని లాగకుండా నొక్కి చూడండి. లాగినప్పుడు మోసినదానికి మూడు నాలుగు రెట్లు మోస్తుంది. ఇంగ్లాండులో సెవెర్న్ నది మీద 1779లో కట్టిన కాస్ట్ ఐరన్ వంతెన ఇవాళ్టికీ నిలబడే ఉంది, జనం దాని మీద నడుస్తున్నారు. కమాను ఆకారం కాబట్టి ఇనుము మీద పడేది ఎక్కువగా నొక్కుడు బలమే, లాగుడు కాదు. దానికి సరిపడే పని దానికిచ్చారు, అంతే. రెండొందల నలభై ఏళ్లు దాటి నిలబడ్డ దాన్ని వీక్ అనగలరా? వజ్రం కన్నా గట్టిది మనకు దొరకదు, సుత్తితో ఒక్కటిస్తే ముక్కలవుతుంది. గట్టిదనం వేరు, బలం వేరు, పెళుసుదనం వేరు. పుస్తకంలో మూడూ మూడు పేజీల్లో ఉంటాయి, మన బుర్రలో మాత్రం ఒకే గదిలో పడుకుంటాయి.

బ్రిటిల్ అనేది పాత ఇంగ్లీషు మాట, విరగ్గొట్టడం అనే అర్థం ఉన్న క్రియ నుంచి వచ్చింది. ఫ్రజైల్ లాటిన్ నుంచి వచ్చింది. ఫ్రెయిల్ కూడా అదే లాటిన్ మాట, కాకపోతే ఫ్రెంచి మీదుగా తిరిగి వచ్చేసరికి అరిగిపోయి పొట్టిదైంది. ఆ కుటుంబం పెద్దదే: ఫ్రాక్చర్, ఫ్రాగ్మెంట్, చివరికి అయిదో తరగతిలో మనల్ని ఏడిపించిన ఫ్రాక్షన్ కూడా. ఫ్రాక్షన్ అంటే విరిగిన ముక్క. ఇంకో విశేషం, మన లెక్కల పుస్తకంలో దాన్ని ‘భిన్నం’ అన్నాం కదా, సంస్కృతంలో భిన్నం అన్నా బద్దలైనదే. ఛిన్నాభిన్నంలో ఉన్న భిన్నమే అది. రెండు దేశాల వాళ్లు అరముక్క రొట్టెని చూసి ఒకేలా ఆలోచించారన్నమాట.

పుట్టుక సంగతి సరే, వాడుకలో తేడా ఎక్కడ? బ్రిటిల్ అన్నది వస్తువు స్వభావం. అది ఎలా విరుగుతుందో చెప్తుంది. ఫ్రజైల్ అన్నది ఆ వస్తువుని ముట్టుకునేవాడికి చెప్పే మాట. ఆన్‌లైన్‌లో కొన్న సామాను అట్టపెట్టె మీద గ్లాసు బొమ్మ వేసి ఫ్రజైల్ అని రాసి ఉంటుంది చూడండి, అది పెట్టె మీద ఫిర్యాదు కాదు. మోసేవాడికి హెచ్చరిక. ‘బాబూ, లోపల గాజుంది, విసరకు’ అని. ఆ స్టిక్కర్ ఉన్న పెట్టెని విసిరేసి, లోపలిది పగిలాక ‘గాజు వీక్ సార్’ అంటే కొరియర్ వాడిని ఎవరైనా ఊరుకుంటారా?

మిగతావి గబగబా. ఫ్రెయిల్ అన్నది ఎక్కువగా మనుషులకి, అందులోనూ పెద్దవాళ్లకి. మన పేపర్ల వాళ్లు వృద్ధుల్ని ‘పండుటాకులు’ అంటారే, ఆ భావం. డెలికేట్ అంటే సుకుమారం, నాజూకు. అందులో కాస్త మెచ్చుకోలు కూడా ఉంది. ఫ్లిమ్సీలో మెచ్చుకోలు అస్సలు లేదు, పల్చగా నాసిగా తయారుచేశారన్న ఎత్తిపొడుపు. ఫ్లిమ్సీ ఎక్స్‌క్యూజ్ అంటే మన కుంటిసాకు. ఫ్లేకీ అంటే పొరలు పొరలుగా ఊడేది. సీఎస్ఈ వాళ్లు ఒకసారి పాసై, కోడ్ మార్చకుండానే ఇంకోసారి ఫెయిలయ్యే టెస్టుని అదే పేరుతో తిట్టుకుంటారు. ఫ్రయబుల్ అంటే చేత్తో నలిపితే పొడి అయ్యేది, మట్టి గురించీ పాత ఆస్బెస్టాస్ గురించీ చెప్పేటప్పుడు వస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చినది మాత్రం ఎవరూ ఈ జాబితాలో వేయని మాట: షార్ట్. అవును, పొట్టి అనే షార్టే. షార్ట్‌బ్రెడ్ అని బిస్కెట్ ఉంది కదా, అది పొట్టిగా ఉంటుందని ఆ పేరు రాలేదు. నోట్లో వేసుకోగానే పొడిగా విడిపోతుందని వచ్చింది. పిండిలో వెన్నో కొవ్వో కలిపితే అది సాగే గుణం పోగొట్టుకుంటుంది, అందుకే ఆ కొవ్వుకి షార్టెనింగ్ అని పేరు. ఇప్పుడు వంటింట్లోంచి నేరుగా కొలిమిలోకి రండి. ఇనుములో గంధకం ఎక్కువైతే ఎర్రగా కాలినప్పుడు సుత్తి దెబ్బకి సాగకుండా పగులుతుంది. దాన్ని హాట్ షార్ట్ అంటారు. భాస్వరం ఎక్కువైతే చల్లగా ఉన్నప్పుడే పగులుతుంది, అది కోల్డ్ షార్ట్. స్టీల్‌లో మాంగనీసు ఎందుకు కలుపుతారు అని వైవాలో అడిగితే మనం చెప్పే జవాబుల్లో ఇదొకటి, గంధకాన్ని అది పట్టేసుకుంటుందని. ఆ జవాబు బట్టీ పట్టిన మనలో ఎంతమందికి ఆ షార్ట్, బిస్కెట్‌లోని షార్ట్ ఒకటేనని ఎవరైనా చెప్పారు?

మా అమ్మకి మెటలర్జీ తెలీదు. జంతికల పిండిలో కాచిన నూనె గరిటెడు పోస్తుంది. ఎందుకమ్మా అంటే, “పోయకపోతే రాయిలా వస్తాయి రా, పోస్తే గుల్లగా వస్తాయి” అంటుంది. అదే షార్టెనింగ్. గుల్ల అన్న ఆ మాటని ఇంగ్లీషులోకి పెట్టమంటే నాకు చేతకాదు. క్రిస్ప్ కొంత, లైట్ కొంత, ఫ్రయబుల్ కొంత. లోపల ఖాళీలుండి, తేలిగ్గా ఉండి, కొరికితే మొండికేయకుండా విడిపోయేది గుల్ల. అదే మాట పేపర్లో ఆరోగ్యం పేజీలో ఇంకోలా కనిపిస్తుంది: వయసు మీద పడ్డాక ‘ఎముకలు గుల్లబారడం’. డాక్టర్లు ఆస్టియోపోరోసిస్ అనే జబ్బు. పోరస్ అన్నా గుల్ల అన్నా ఒకటే. జంతికకి మెప్పు, ఎముకకి జబ్బు, మాట ఒకటే. పదార్థం లోపలి నిర్మాణాన్ని చూసి పెట్టిన పేరది.

ఇక్కడే నా అసలు పాయింట్. ‘తెలుగులో ఇన్ని మాటలు లేవు కదా’ అని మనం తేలిగ్గా అనేస్తాం. పెళుసు ఒకటుంది, సున్నితం ఒకటుంది, ఇంకేముంది అంటారు. విశేషణాల్లో వెతికితే అలాగే కనిపిస్తుంది. మన వాళ్లు ఆ తేడాలన్నీ దాచింది క్రియల్లో.

ఇంగ్లీషులో కుండ బ్రేక్ అవుతుంది, కర్ర బ్రేక్ అవుతుంది, తాడు బ్రేక్ అవుతుంది. తెలుగులో? కుండ పగులుతుంది, కర్ర విరుగుతుంది, తాడు తెగుతుంది. తాడు పగిలింది అని మూడేళ్ల పిల్లాడు కూడా అనడు. కర్ర విరిగితే అడ్డంగా రెండైనట్టు, చీలితే నిలువునా. గుడ్డ చిరుగుతుంది, కుట్లు పిగులుతాయి, పెట్టెలో ఏళ్ల తరబడి ఉన్న పట్టుచీర చివికిపోతుంది. గోడ పెచ్చులూడుతుంది, పొలం బీటలు వారుతుంది, కాలవకి గండి పడుతుంది. టమాటా చితుకుతుంది, బియ్యం నూకవుతుంది. పాలు విరుగుతాయి. మనసూ విరుగుతుంది. గుండె మాత్రం పగులుతుంది. అద్దం పగులుతుంది కానీ గాజు? మా అమ్మమ్మ ముందు చేతి గాజు పగిలింది అంటే ఒప్పుకోదు, చిట్లింది అనాలి. మా రూమ్‌లో వరంగల్ వాడు ‘పలిగింది’ అంటాడు, నేను ‘పగిలింది’ అంటాను, కానీ ఏది పలుగుతుంది ఏది తెగుతుంది అన్న దగ్గర మా ఇద్దరికీ ఎప్పుడూ తేడా రాలేదు.

ఎముక సంగతి చూడండి. బైక్ మీంచి పడ్డవాడి గురించి ఇంటికి ఫోన్ చేస్తే అవతల నుంచి వచ్చే మొదటి ప్రశ్న, “విరిగిందా, చిట్లిందా?” అని. హెయిర్‌లైన్ ఫ్రాక్చర్ అన్న మాట వినని పెద్దమ్మ కూడా ఆ తేడా అడుగుతుంది. ఫ్రాక్చర్ మెకానిక్స్ చదివేవాడు అడగాల్సిన ప్రశ్న కూడా అదే: బీట ఎంత పొడుగు, అవతలి దాకా వెళ్లిందా లేదా.

ఇంక పాకం. వంటింట్లో దీనికి మించిన మెటీరియల్ సైన్స్ క్లాసు నాకు తెలీదు. లేత పాకం, తీగ పాకం, ఉండ పాకం, ముదురు పాకం. బూందీ లడ్డూకి తీగ రావాలి, వేళ్ల మధ్య పెట్టి లాగితే సన్నని దారంలా సాగాలి. అరిసెలకి ఉండ రావాలి. పల్లీ పట్టికి ఇంకా ముదరాలి, నీళ్లలో వేసి తీసి పళ్లెం మీద కొడితే టంగుమనాలి. ఇంగ్లీషు వంట పుస్తకాల్లో కూడా ఇవే మెట్లు: థ్రెడ్, బాల్, క్రాక్. 150 డిగ్రీల దగ్గర హార్డ్ క్రాక్. ఆ పాకంలో పల్లీలు వేసి చేసిన మిఠాయికి వాళ్లు పెట్టిన పేరు పీనట్ బ్రిటిల్. మన పల్లీ పట్టి పేరులోనే బ్రిటిల్ ఉందని తెలిశాక నాకు ఆ నిర్వచనం మళ్లీ చదవాల్సిన అవసరం రాలేదు. పదార్థం ఒకటే, నీరు ఎంత మిగిలింది అన్నదాన్ని బట్టి తీగలా సాగేది గాజులా పగిలేదవుతుంది.

పూతరేకులు దీనికి తిరగేసిన ఉదాహరణ. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ ట్యాగ్ వచ్చింది కాబట్టి పేరు అందరికీ తెలిసే ఉంటుంది. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి నీళ్ల గుడ్డ ఇలా లాగి అలా తీస్తే కాయితం కన్నా పల్చటి రేకు వస్తుంది. పొడిగా ఉన్నప్పుడు మడవబోతే పొడిపొడి అవుతుంది. అందుకే తడిగుడ్డతో కాస్త చెమ్మ తగిలించి మెత్తబరిచి మడుస్తారు. ప్లాస్టిసైజర్ అంటే ఏమిటని మన పాలిమర్స్ పేపర్లో అయిదు మార్కులకి అడుగుతారు. నీళ్లే ఇక్కడ ప్లాస్టిసైజర్. వానాకాలంలో డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే అప్పడాలు మెత్తబడేదీ అందుకే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఒక వైవా గుర్తొస్తోంది. నాది కాదు, నా వెనక రోల్ నంబర్ వాడిది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. బ్రిటిల్ మెటీరియల్ అంటే ఏంటి అని అడిగారు. వాడు తడబడకుండా చెప్పాడు, “సాగదు సార్, టప్పున విరిగిపోద్ది, ముందు తెలీదు.” నిర్వచనం మొత్తం అందులో ఉంది. సాగదు అంటే ఎలాంగేషన్ లేదు. టప్పున అంటే బీట వేగంగా పరిగెత్తింది. ముందు తెలీదు అంటే నెకింగ్ లేదు, హెచ్చరిక లేదు. డిజైన్‌లో బ్రిటిల్ పదార్థాలకి ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ ఎక్కువ తీసుకునేది ఆ మూడో ముక్క కోసమే. ఎగ్జామినర్ “ఇన్ ఇంగ్లిష్ ప్లీజ్” అన్నారు. వాడు ఆగాడు, వెతుక్కున్నాడు, చివరికి అన్నాడు, “వీక్ మెటీరియల్ సార్.” తెలుగులో సరిగ్గా ఉన్న జవాబు ఇంగ్లీషులోకి వచ్చేసరికి తప్పైంది. తప్పైన జవాబుకే మార్కులు వేశారు, అంటే వేయలేదు.

ఇంగ్లీషు వద్దు అనడం లేదు నేను. ప్లేస్‌మెంట్స్ సీజన్‌లో ఆ మాట అంటే నన్ను నేనే నమ్మను. నేనంటున్నది దానికి తిరగబడిన మాట: ఇంగ్లీషు సరిగ్గా నేర్చుకుందాం అని. బ్రిటిల్‌కి, ఫ్రజైల్‌కి తేడా తెలిసేంత సరిగ్గా. ఆ తేడా పట్టుకోవడానికి మన దగ్గర పగలడం, విరగడం, తెగడం, చిట్లడం అనే పనిముట్లు ముందే ఉన్నాయి, వాటిని ల్యాబ్ గుమ్మం బయట చెప్పుల్లా విడిచి రానక్కర్లేదు.

2021-22 నుంచి ఏఐసీటీఈ ప్రాంతీయ భాషల్లో బీటెక్ చదువుకోవచ్చంది, తెలుగు కూడా అందులో ఉంది. మంచిదే. కానీ పుస్తకంలో తెలుగు అంటే మనకి వెంటనే గుర్తొచ్చేవి స్కూల్లో చదివిన తాంతవత, స్తరణీయత. నాకు ఆ మాటల మీద కోపం లేదు, పరీక్షలో రాశాను, మార్కులొచ్చాయి. కానీ ‘తాంతవత అనగా లోహములు తీగలుగా సాగు గుణము’ అని చదివిన పిల్లాడికి ఇంట్లో అమ్మ చూపించే తీగ పాకం అదేనని ఎవరూ చెప్పకపోతే, ఆ మాట ఇంగ్లీషు మాటంత పరాయిదే. మా క్లబ్బులో కొందరికి ఈ అభిప్రాయం నచ్చదు, తెలుసు. ప్రతి ఇంగ్లీషు మాటకీ ఒక సమాసం చేసి పెట్టాలని వాళ్ల పట్టుదల. ఫ్రజైల్‌కి ‘భంగురం’ అన్నారు మొన్న. ఆ స్టిక్కర్ చూసి లారీ హమాలీ ఏం చేస్తాడో నాకు తెలీదు. ‘గాజు సామాను, మెల్లగా’ అని రాస్తే చాలు, పెట్టె క్షేమంగా చేరుతుంది.

తెలుగుకి అన్నీ ఉన్నాయనీ అనను. టఫ్‌నెస్‌కి, అంటే విరిగేలోపు ఎంత దెబ్బ తినగలదు అన్నదానికి, సరిపోయే మాట కోసం చాలా తిరిగాను. కలప పనివాళ్లు చేవ అంటారు, చేవ ఉన్న కర్ర, చేవ లేని కర్ర అని. నా ఓటు దానికి. సరిగ్గా సరిపోతుందా అంటే నూటికి డెబ్బై.

ఇప్పుడు ఆ పెద్ద నష్టం.

1943 జనవరిలో అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర రేవులో కట్టి ఉన్న షెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ ఓడ ఒక రాత్రి పెద్ద చప్పుడుతో నడిమికి విరిగింది. తుఫాను లేదు, యుద్ధంలో దెబ్బ తగల్లేదు, కదలకుండా నిలబడి ఉంది. ఆ కాలంలో హడావుడిగా వెల్డింగ్ చేసి కట్టిన లిబర్టీ ఓడల్లో కూడా చాలావాటికి ఇలాగే బీటలు వచ్చాయి. మొదట వేలు చూపించింది వెల్డింగ్ వైపు. తర్వాత కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే మెటలర్జిస్టు పరిశోధించి తేల్చింది ఏంటంటే, మామూలు వెచ్చదనంలో సాగే ఆ స్టీలే చలిలో పెళుసైపోతోంది అని. దానికి తోడు లిబర్టీ ఓడల్లో డెక్ మీద తలుపుల మూలలు చతురస్రంగా, పదునుగా ఉన్నాయి, బీట అక్కడ మొదలయ్యేది. వెల్డింగ్ చేసిన ఓడ అంతా ఒకటే రేకు కాబట్టి మొదలైన బీటకి ఆగే చోటు లేదు.

అంతకు ముందే 1921లో గ్రిఫిత్ గాజు గురించి ఇలాంటిదే చెప్పాడు. గాజు లోపలి బంధాల లెక్క ప్రకారం అది చాలా ఎక్కువ బలాన్ని ఓర్చుకోవాలి, కానీ దానికి ఎంతో ముందే పగులుతుంది. కారణం కంటికి కనపడని గీతలు, బీటలు. కొత్తగా లాగిన సన్నటి గాజు దారం ఆశ్చర్యంగా బలంగా ఉంటుంది, ఎందుకంటే దానిలో అంత పెద్ద బీటలకి చోటు లేదు.

అంటే ఒకటి పెళుసుగా విరిగింది అంటే మనం చూడాల్సినవి మూడు: ముందే ఎక్కడైనా గాటు ఉందా, చలి ఎంత, దెబ్బ ఎంత వేగంగా పడింది. చార్పీ టెస్టులో 10 మిల్లీమీటర్ల చదరపు కడ్డీకి మనమే 2 మిల్లీమీటర్ల లోతు గాటు పెట్టి మరీ కొడతాం కదా, అందుకే. గాటు పెట్టింది మనమే, లోలకం వదిలింది మనమే, విరిగాక వీక్ అనడానికి నోరెలా వస్తుంది?

మా బ్యాచ్‌లో ఒకడు మూడో సెమిస్టర్ మధ్యలో కాలేజీ మానేసి ఊరెళ్లిపోయాడు. వెళ్లిన వారానికే తీర్పు వచ్చేసింది, “మెంటల్‌గా వీక్ రా వాడు.” తర్వాత ఒక మీటింగ్‌లో ఒక పెద్దాయన ఇంగ్లీషులో అన్నారు, ఈ జనరేషన్ ఫ్రజైల్ అని. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఉన్నది ఫిర్యాదు. పెట్టె మీద రాసే ఫ్రజైల్‌లో ఉండే జాగ్రత్త అందులో లేదు. నాకు తెలిసిన లెక్క ఇది: ఆ నెలలో వాళ్ల నాన్నకి యాక్సిడెంట్ అయింది, ఫీజు బాకీ ఉందని హాల్ టికెట్ ఆపారు, రెండు బ్యాక్‌లాగ్స్, ఒకే వారంలో నాలుగు పరీక్షలు, వాడితో మాట్లాడేవాళ్లు రూమ్‌లో ముగ్గురం, ముగ్గురమూ రికార్డులు రాసుకుంటున్నాం. అదే వాడు ఫస్ట్ ఇయర్‌లో వారాంతాల్లో క్యాటరింగ్ పనికి వెళ్లి వచ్చి సోమవారం పొద్దున్న క్లాసులో మొదటి బెంచీలో కూర్చునేవాడు. ఒకటిన్నరేళ్లు బరువు మోసినవాడు వీక్ ఎలా అవుతాడు?

వాడి గురించి తెలుగులో వాళ్లమ్మ ఫోన్లో నాతో అన్నది, “నలిగిపోయాడు నాయనా.” పగిలాడు అనలేదు, విరిగాడు అనలేదు. నలగడం అంటే రెండు వైపుల నుంచీ నొక్కితే అయ్యేది. ఆ క్రియలో నొక్కినవాళ్లు కూడా కనపడతారు.

అందుకే నాకు ఆ ‘వీక్ స్టూడెంట్స్ లిస్ట్’ పేరు మీద అంత కోపం. జాబితా వద్దనను, ఎవరికి సాయం కావాలో తెలియాలి కదా. కానీ అందులో ఇప్పుడున్నవి మూడే కాలమ్స్: రోల్ నంబర్, సబ్జెక్టు, మార్కులు. ల్యాబ్ రికార్డులో టెన్సైల్ టెస్టుకి కూడా అంతకన్నా ఎక్కువ రాస్తాం. కొలతలు రాస్తాం, ఉష్ణోగ్రత రాస్తాం, విరిగిన చోటు బొమ్మ గీసి ఎక్కడ మొదలైందో గుర్తుపెడతాం. ఇనుప ముక్కకి చూపించే ఆ మర్యాద రోల్ నంబర్‌కి కూడా చూపించి, ఒక్క కాలమ్ పెంచితే చాలు: ఎప్పటి నుంచి, ఏం జరిగి. రేకులో బీట కనిపిస్తే మెకానిక్ దాని కొసన చిన్న రంధ్రం వేస్తాడు, అక్కడితో ఆగుతుందని. కొస ఎక్కడుందో తెలియాలంటే ముందు వంగి చూడాలి.

ఆ పని మన చేతిలో లేదు అంటారా, సరే. చేతిలో ఉన్న పని ఒకటుంది. వచ్చే సంచికకి ‘విరగడం’ కుటుంబం మాటలన్నీ ఒక చోట చేరుద్దామని ఉంది. శ్రీకాకుళం, అనంతపురం, ఆదిలాబాద్, ఖమ్మం, ఎక్కడివాళ్లైనా సరే, మీ ఇంట్లో ఏది పగులుతుందో, ఏది పిగులుతుందో, ఏది చివుకుతుందో రాసి పంపండి. అర్థం రాయొద్దు, ఏ వస్తువుకి వాడతారో రాయండి, అర్థం దానంతటదే తెలుస్తుంది. సకినం గుల్లగా వస్తే ఒక మాట, గట్టిగా వస్తే ఇంకో మాట వాళ్ల నాయనమ్మ వాడుతుందని మా కరీంనగర్ సీనియర్ అంటున్నాడు. ఏంటన్నా అంటే సంక్రాంతికి ఇంటికెళ్లి అడిగొచ్చి చెప్తా అన్నాడు. సకినాలు కూడా తెస్తానన్నాడు, అవి ఇక్కడికి చేరేసరికి ఎన్ని మిగులుతాయో చూడాలి.